గడ్డి దూడకు చేపిన గేదె

నేను ఒక దూడను. ఆ మాట వినగానే వాకిట్లో గంతులేసే దూడను ఊహించుకుంటారేమో, అంత లేదు. నేను దూడ తోలును. లోపల వరిగడ్డి, కాళ్లలో వెదురు పుల్లలు, కళ్లకు చొక్కా గుండీలు. నెత్తిలోనూ గడ్డే. కాబట్టి నా మాటలకు పెద్దగా విలువ ఇవ్వక్కర్లేదు. కానీ ఒక గేదె బతుకు కొన్నాళ్లు నా మీద నిలబడింది. నిలబడిందని నేను అనుకున్నాను. అందులో నిజమెంతో చివరికి మీరే తేల్చుకోండి.

నాంచారమ్మ ఇంటి గేదె పేరు బొల్లి. నుదుటి మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ. అది మూడో ఈత ఈనింది. ఈనిన ఎనిమిదో రోజున దూడ విరేచనాలు పట్టి పోయింది. ఆ దూడ తోలే నేను. బొల్లిని అమ్మా అని పిలవాలో కూడదో నాకు ఇప్పటికీ తేలలేదు.

దూడ పోయిన పూట నుంచి బొల్లి చేపడం మానేసింది. చేపడమంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను: పొదుగులో ఉన్న పాలను చన్నుల్లోకి దించడం. దూడ వచ్చి మూతితో నాలుగు పోట్లు పొడిస్తేనే తల్లి దించుతుంది. దించకపోతే పొదుగు నిండుకుండలా ఉన్నా, ఎంత బలవంతుడు కూర్చుని పిండినా, చెంబు అడుగు తడవదు. ఇలాగే పది రోజులు సాగితే పాలు పూర్తిగా ఇంకిపోతాయి.

నాంచారమ్మ మరిది అంకమ్మరావు ఎదురింట్లోనే ఉంటాడు. అతను వచ్చి పొదుగు చూసి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"సోమవారం సంతకు తోలుకుపోదాం వదినా."

"పాలియ్యని గేదెను ఎవరు కొంటారు?"

"కొనేవాళ్లు ఉంటారులే."

ఎవరు కొంటారో ఇద్దరికీ తెలుసు. కోతకు కొనేవాళ్లు. బొల్లి తల్లీ, దాని తల్లీ కూడా నాంచారమ్మ చేతిమీదే ఈనాయి. భర్త పోయిన ఏడాది ఆమె ఎక్కువగా మాట్లాడింది ఈ గేదెతోనే. మనిషైతే ఎదురు చెబుతుందని కాబోలు.

నాంచారమ్మ ఆ పూటే ఇస్సాకుకు కబురు పెట్టింది. ఇస్సాకు తోలుపని చేస్తాడు. చెప్పులు కుడతాడు, డప్పులకు తోలు బిగిస్తాడు. మాటలు మాత్రం లెక్కపెట్టి వాడతాడు.

"దూడను చెయ్యాలి ఇస్సాకూ."

"కళ్లు పెట్టనా అమ్మా?"

"గేదె కళ్లు చూడదు, వాసన చూస్తది."

"అయినా పెడతా. లేకపోతే చూసేవాళ్లకు జడుపు."

తోలుకు ఉప్పు రుద్ది, బూడిద పూసి, రెండు రోజులు ఆరబెట్టి, గడ్డి కూరి కుట్టాడు. తన పాత చొక్కాకున్న గుండీలు తెంపి కళ్లు పెట్టాడు. ఒకటి తెల్లది, ఒకటి నీలం. ముందు ఎడమకాలికి వెదురు చాల్లేదు. అందుకే నేను పుట్టినప్పటి నుంచి ఒక పక్కకు ఒరిగే నిలబడతాను, చెవిటి ముసలాయన పక్కింటి పోట్లాట వింటున్నట్టు. పని ముగించి ఇస్సాకు నన్ను చాలాసేపు చూశాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం నన్ను బొల్లి మూతి ముందు నిలబెట్టారు. అది వాసన చూసింది. వెచ్చటి గాలి నా మెడ మీద పడింది. ఒకసారి నాకింది, మళ్లీ నాకింది. తర్వాత నెమరు మొదలుపెట్టి కళ్లు అరమూసుకుంది. వెనకనుంచి నాంచారమ్మ గొంతు మెల్లగా వినిపించింది. "చేపింది."

ఆ మాటకు నా గడ్డి ఇంకాస్త ఉబ్బింది. తల్లిని మోసం చేశానని సిగ్గుపడాల్సిందిపోయి, మహాకార్యం సాధించినవాడిలా నిలబడ్డాను. ఒరిగే అనుకోండి.

వారం తిరగకుండా గాలికుంటు టీకాలు వెయ్యడానికి పశువుల డాక్టరమ్మ రెహానా వచ్చింది. చిన్న వయసు. నన్ను చూసి ఎగతాళి చెయ్యకుండా చుట్టూ తిరిగి కుట్లు చూసింది. అంకమ్మరావే కల్పించుకున్నాడు.

"ఈ దిష్టిబొమ్మ గోల మాకెందుకు డాక్టరమ్మా. అందరూ వేసే ఆ చేపు సూది రాసియ్యండి."

"ఆ సూదిలో ఉండేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. అదే సరుకు దీని తలకాయలోనే తయారవుతుంది మావయ్యా. ఇంట్లో బావి పెట్టుకుని ఊరంతా నీళ్లకు తిరుగుతారా? పైగా ఊరికే పొడవకూడదు, అలవాటు పడితే సూది లేకుండా చేపదు."

నాంచారమ్మ పచ్చగడ్డి పరకలు ఏరుతూ అడిగింది. "తలకాయలో పాలేంటమ్మా?"

"పాలు కాదు పెద్దమ్మా, కబురు. మెదడు కింద శనగగింజంత గ్రంథి వేలాడుతుంటుంది. దూడ వాసన తగలగానే అది ఈ హార్మోనును నెత్తురులోకి వదులుతుంది. నెత్తురుతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది గానీ, ఈ పనిలో దాని మాట వినేది పొదుగే. అక్కడున్న సన్నటి కండలు బిగుసుకుని పాలను కిందికి నెడతాయి. నిమిషం రెండు నిమిషాల్లో పాలు దిగుతాయి, వెంటనే పిండుకోవాలి, అయిదారు నిమిషాలకు దాని బలం తగ్గిపోతుంది. పాలు తయారు చేయించే హార్మోను మళ్లీ వేరే."

"మరి బెదిరితే ఎగచేపి పాలు పైకి లాగేసుకుంటదే?"

"మూత్రపిండాల మీద ఇంకో గ్రంథుల జత ఉంది. భయమేస్తే అవి వేరే కబురు పంపిస్తాయి, పరిగెత్తు లేదా తన్ను అని. ఆ కబురు ముందు వెళ్తే ఈ కబురుకు దారి ఉండదు. వెన్నెముక ఉన్న ప్రాణులన్నిటికీ ఇలాంటి గ్రంథులుంటాయి. చేపకు, కప్పకు, కోడికి కూడా. పాలు మాత్రం మనకూ, గేదెలాంటివాటికీ."

నాంచారమ్మ చేతిలో పరకలు పక్కన పెట్టింది. "మా పెద్దకొడుకు పుట్టినప్పుడు, మా అత్త పక్కన నిలబడితే నాకూ పాలు పడేవి కావు."

"అదే పెద్దమ్మా."

అంకమ్మరావు గొంతు సవరించుకుని రోడ్డువైపు చూశాడు. ఆ అత్త అతని తల్లే కదా.

వెళ్తూ వెళ్తూ డాక్టరమ్మ నా వీపు తట్టి, "దీనికి ఒక్క గ్రంథీ లేదు, అయినా ఎంత పని చేయిస్తోందో" అంది. పొగడ్తలో మొదటి సగం వదిలేసి రెండో సగం దాచుకున్నాను. గడ్డి బుర్రకు అదే సౌకర్యం.

నలభై రోజులు అలా గడిచాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నాంచారమ్మ పీట వేసుకుంటుంది. బకెట్టు కింద పెడితే దాని చెవి, అంటే పట్టుకునే కమ్మీ, టంగుమని వాలుతుంది. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడుగుతుంది. అరచేతికి ఆముదం రాసుకుని, "దించు తల్లీ, దించవే" అని గొణుగుతుంది. ఇవన్నీ నా దర్బారుకు వచ్చే పరివారం అనుకునేవాణ్ణి.

అప్పుడు అంకమ్మరావుకు నా మీద దయ పుట్టింది. దయే, నేను తప్పు పట్టను. నాకు పురుగు పట్టిందనీ, కంపు కొడుతున్నాననీ, వదిన రోజూ ఈ కంపులో కూర్చుంటోందనీ అతనికి బాధ. ఆమె కల్లానికి వెళ్లిన పూట చూసి నన్ను ఫినాయిలు నీళ్లలో ముంచాడు. సబ్బు రుద్దాడు. డాబా మీద ఎండబెట్టి, కొబ్బరినూనె పట్టించి, మెడలో ఎర్రదారంతో గంట కట్టాడు. నా జన్మలో నేను అంత అందంగా ఎప్పుడూ లేను.

ఆ సాయంత్రం బొల్లి నన్ను వాసన చూసి బుస్సుమంది. గంట మోగేసరికి తాడు తెంపుకోబోయింది. కాలు విసిరితే బకెట్టు వెళ్లి గోడకు తగిలింది. ఎగచేపింది. మర్నాడు పొద్దునా అంతే. సాయంత్రమూ అంతే. దాని తెల్లమచ్చ వైపు చూసే ధైర్యం నా గుండీలకు లేకపోయింది.

అంకమ్మరావు చూరు కింద నిలబడి తువ్వాలు నలిపాడు. "మంచికే చేశాను వదినా."

"వాసన కడిగేశావు అంకమ్మరావూ. వాసన తప్ప దానికి ఇంకేముంది?"

ఆమె తిట్టలేదు. ఉన్న మాట చెప్పింది. మరిదికి ఎంత తగిలిందో తెలియదు గానీ, నాకు గట్టిగా తగిలింది.

నాలుగో రోజుకు సోమవారం వచ్చింది. పదేళ్ల పాటు పలుపు కట్టిన నాంచారమ్మే ఒప్పుకుంది, ఇక సంతకే అని. ట్రాలీ ఆటో గుమ్మం ముందు ఆగింది. అంకమ్మరావు తాడు విప్పబోతే ఆమె ఆపింది.

"పొదుగు సలుపుతుంటది. అంతదూరం అట్లా ఎందుకు, ఒకసారి కడిగి పంపిస్తా. నువ్వు అవతలికి పో. ఆ ఆటో ఆపమను, రొద."

నన్ను ఎవరో అప్పటికే మూలకు తిప్పి పెట్టారు, మొహం గోడకు. అందుకే జరిగింది నేను చూడలేదు, విన్నాను. పీట జరిగిన చప్పుడు. బకెట్టు చెవి టంగుమంది. నీళ్లు. ఆముదం సీసా మూత. తర్వాత ఆ గొణుగుడు. "దించు తల్లీ, దించవే."

చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత నెమరు చప్పుడు. ఆ తర్వాత బకెట్టు అడుగున చర్రుమని ఒక ధార.

బకెట్టు నురగతో నిండేదాకా ధార చప్పుడు ఆగలేదు. అంకమ్మరావు అడుగులు దగ్గరికొచ్చి ఆగి వెనక్కి వెళ్లాయి, ఆటోవాడితో, "నువ్వు పోబ్బాయ్" అన్నాడు. తిరిగొచ్చి మూలనున్న నా వెనక నిలబడ్డాడు.

"దిష్టిబొమ్మ ముందు లేకుండానే చేపిందే."

తర్వాత డాక్టరమ్మ చెప్పిన మాట ఇది: నలభై రోజులు ఒకే వరసలో ఒకే చప్పుడూ ఒకే చెయ్యీ తగిలితే, దూడ దాకా పోకుండానే ఆ శనగగింజ కబురు పంపించేస్తుందట; మధ్యలో దాన్ని ఆపింది నా ఫినాయిలు వాసనా గంటా పెట్టిన భయమేనట. అంటే దర్బారు బకెట్టుది. నేను పరివారం. మొదట్లో ఆ వరస నేర్చుకోవడానికి నా వాసన పనికొచ్చిందని కూడా ఆమె అంది. ఆ ముక్కను నేను జాగ్రత్తగా దాచుకున్నాను. నాకు మిగిలిన ఆస్తి అదొక్కటే.

నన్ను కొట్టంలో గుంజకు తగిలించారు. మళ్లీ దించే పని పడలేదు. ఆ వేసవికి నా ఫినాయిలు కంపు పోయింది, గడ్డివామి అడుగంటింది. ఒక సాయంత్రం బొల్లి మెడ సాచి నా పొట్ట కింద ఊడిన కుట్టు కనిపెట్టి, ఒక పరక లాగింది. బాగుందనుకుంటాను, ఇంకో నాలుగు లాగింది. బకెట్టుతో వచ్చిన నాంచారమ్మ చూసి ఆగింది. అదిలిస్తుందనుకున్నాను. ఆమె పీట వేసుకుని కూర్చుంది.

"తిను. ఆ బొమ్మకేం ఆకలా."

దూడ అన్నాక తల్లి దగ్గర తాగాలి. నేను తల్లికి మేతనయ్యాను. మర్నాటి పాలల్లో నా వంతు ఏ మూలో ఉండే ఉంటుంది. ఏ ఇంటి టీలో కలిసిందో ఏమో.

దారిన పోతూ ఇస్సాకు ఆగి, మళ్లీ కూరనా అని అడిగాడు. వద్దులే, దాని పని అయిపోయింది అంది నాంచారమ్మ. ఇప్పుడు నేను కోళ్లగూటి మీద కప్పును. ఎండా వానా నేనే కాస్తాను. లోపల ఒక పెట్ట గుడ్లు పొదుగుతూ కూర్చుంది, ఎవరు చెయ్యి పెట్టినా పొడుస్తోంది. దాని తలలోనూ ఏదో గింజ కబుర్లు పంపుతూ ఉండాలి. నా తలలో ఇప్పుడు గడ్డి కూడా లేదు. గాలి వస్తే నీలం గుండీ మాత్రం ఊగుతుంది.