పేరు రాయనక్కర్లేదు

నెబ్రాస్కాలోని ఆ పల్లె బడిలో పదకొండో తరగతికి ముగ్గురే పిల్లలు: కోల్టన్, డేవిన్, బ్రిన్. వాళ్లలో బ్రిన్ ఒక్కతే అమ్మాయి. బుధవారం పొద్దున మిసెస్ నోవాచెక్ ముగ్గురికీ తలా ఒక కాగితం ఇచ్చింది. పట్నం బళ్లలోనూ పల్లె బళ్లలోనూ పిల్లలు మద్యం, గంజాయి, వేప్ అనే ఈ-సిగరెట్ ఎంత వాడుతున్నారో తెలుసుకోవడానికి పైనుంచి వచ్చిన ప్రశ్నలవి.

"పేరు రాయనక్కర్లేదు. ఎవరు ఏం పెట్టారో ఎవరికీ తెలియదు," అంది.

మొదటి ప్రశ్న: ఏ తరగతి? రెండోది: అబ్బాయా, అమ్మాయా?

బ్రిన్ పెన్సిల్ అక్కడే ఆగిపోయింది. వేసవి నుంచి ఆమె బూటులో ఒక వేప్ ఉంటోంది. రెండుసార్లు మానేసింది. రెండుసార్లూ మూడో రోజుకే మళ్లీ పట్టుకుంది. ఆఖరి ప్రశ్న ముందే చదివేసింది: మానడానికి సాయం కావాలా? ఒక్కరు అవునన్నా చాలు, మాన్పించడానికి వారం వారం బడికి ఒక మనిషిని పంపుతారట. కానీ సంగతి బయటపడితే వాలీబాల్ జట్టులోంచి తీసేస్తారు. ఉన్నదే ఆరుగురు. ఆమె లేకపోతే జట్టే లేదు.

"పదకొండో తరగతి, అమ్మాయి. ఇంకేం, ఫొటో కూడా అంటించమంటారా టీచర్?" అంది బ్రిన్.

డేవిన్ పకపకా నవ్వాడు. "మంచిది అంటించవే. సంతలో పందుల పోటీకి నీ పందితో దిగిన ఫొటో మాత్రం వద్దు."

"నోర్ముయ్. అందులో పందే నీకన్నా బాగుంది."

అమ్మాయి అనగానే అది బ్రిన్ కాగితమని తెలిసిపోతుందన్న సంగతి తనకు తట్టనందుకు మిసెస్ నోవాచెక్ మొహం ఎర్రబడింది. బ్రిన్ ఇక ఆలోచించకుండా అన్నిటికీ 'ఎప్పుడూ లేదు' దగ్గర టిక్కు పెట్టుకుంటూ పోయింది. వంటగదిలోంచి దాల్చినచెక్క రొట్టెల కమ్మటి వాసన వస్తోంది. బుధవారం చిల్లీ అనే మాంసం, చిక్కుడు గింజల కూరతో పాటు అవే పెడతారు.

"నేను అమ్మాయి అని పెట్టా," అన్నాడు కోల్టన్ తలెత్తకుండా.

"ఏంట్రా?" అన్నాడు డేవిన్.

"చెవుడా? అమ్మాయి అని పెట్టా. నువ్వూ పెట్టు."

డేవిన్ వాడివైపు చూశాడు, తర్వాత బ్రిన్‌వైపు. "మా అమ్మ మురిసిపోతుంది. కూతురు లేదని ఒకటే గోల," అంటూ తనూ టిక్కు పెట్టాడు.

తప్పుగా నింపినవి పక్కన పెట్టాలని సూచనల్లో ఉంది. మిసెస్ నోవాచెక్ ఆ సూచనల్ని మడిచి సొరుగులో వేసింది.

బ్రిన్ రబ్బరు తీసుకుంది. ముందు మెల్లగా రుద్దింది, తర్వాత గట్టిగా. కాగితం చిరిగింది.

"టీచర్, ఇంకోటి ఉందా?"

కొత్త కాగితం రాగానే బ్రిన్ ఆఖరి ప్రశ్నకు 'అవును' దగ్గర టిక్కు పెట్టి, అప్పుడు మొదటిదానికి వచ్చింది.