గీత పడని ముప్పై ఏడు

ఎర్ర జెండా, పచ్చ జెండా అప్పగించాలి. చేతిదీపం తుడిచి ఇవ్వాలి. గేటు రిజిస్టరులో ఆఖరి సంతకం పెట్టాలి. తాళాలు, గొలుసు, నంబర్ల కాగితం సాయంత్రం అయిదింటికల్లా స్టేషనుకు చేర్చాలి. ఈలోగా ఎప్పటిలాగే నాలుగు రైలుబళ్లను దాటించాలి.

ఇవన్నీ మనసులో ఒకసారి చెప్పుకొని హనోకు గేటు చక్రానికి నూనె పెట్టాడు. రేపట్నుంచి ఎవరూ తిప్పని చక్రానికి నూనె ఎందుకన్న ఆలోచన రాలేదు. సోమవారం నూనె పెట్టే రోజు, అంతే.

గుడివాడ–బందరు లైనులో, వరిపొలాల మధ్య ఆ గేటుకు ఇరవై ఆరేళ్లుగా ఆయనే కాపలా. పొట్టి మనిషి. చక్రం తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికంటే కాస్త పైకి లేచింది. పట్టాల కింద కొత్త దారి పూర్తయింది. రేపట్నుంచి జనం అందులోంచే వెళ్తారు. గేటుకు ఇవాళే ఆఖరి రోజు.

బండి వచ్చే ముందు స్టేషన్ మాస్టరు ఫోను చేస్తారు. గేటు వేశానని చెప్పి, తన కాగితంలోని రెండంకెల నంబరొకటి, రైల్వేవాళ్ల మాటలో ప్రైవేట్ నంబరు, హనోకు ఇవ్వాలి. వాళ్లు దాన్ని తిరిగి పలికి తమ నంబరు ఇస్తారు. దాన్ని ఈయన తిరిగి పలకాలి. అవతలివాళ్లు పలికాకే ఇచ్చిన నంబరు మీద గీత కొట్టాలి, ముందు కొడితే తప్పు. భార్య రాహేలు పోయిన ఈ ఏడేళ్లలో, ఆయన నోటి మాటను రోజూ తిరిగి పలికింది ఆ ఫోనొక్కటే.

బండికీ బండికీ మధ్య తలెత్తి, గన్నవరంలో దిగే విమానాలను చూసేవాడు. చూసీ చూసీ, పామర్రులో కంప్యూటర్ల కొట్టు నడిపే కళ్యాణ్ దగ్గర పాత కంప్యూటరు కొని, విమానం నడిపే ఆట వేయించుకున్నాడు. మూడేళ్లుగా రోజూ సాయంత్రం నడుపుతున్నాడు. ఒక్కటే లోటు. అందులో విమానాశ్రయం కంట్రోలుతో మాట్లాడాలంటే మీట నొక్కాలి. పైలట్ మాటా అదే చెబుతుంది, బదులూ అదే చెప్పుకుంటుంది. మధ్యలో మనిషి దేనికో హనోకుకు అర్థమయ్యేది కాదు.

పోయిన గురువారం కళ్యాణ్ వచ్చి దానికి అదనపు సాఫ్ట్‌వేరొకటి వేశాడు.

"బాబాయ్, ఇక మైకులో నువ్వే మాట్లాడాలి. తప్పు చెబితే ఊరుకోదు. వాడి చూసి, బాగుందో లేదో చెప్పు."

"నా ఇంగ్లీషు దానికి అర్థమవుద్దంటావా?"

"నంబర్లు చెప్పగలవుగా! అందులో సగం నంబర్లే."

ఆ మాటతో హనోకు దాన్ని వెంటనే ముట్టుకోలేదు. ఈ సాయంత్రానికని దాచుకున్నాడు.

నాలుగింటికి ఆఖరి ఫోను మోగింది. స్టేషన్ మాస్టరు ఉమాదేవి.

"హనోకు గారూ, గేటు వేశారాండీ?"

"వేశానండీ. నంబరు ఇరవై మూడు."

"రెండు, మూడు. ఇరవై మూడు. నాది యాభై ఎనిమిది."

"అయిదు, ఎనిమిది. యాభై ఎనిమిది."

ఎప్పుడూ అక్కడితో పెట్టేసేవారు. ఇవాళ ఆవిడ పెట్టలేదు.

"రేపట్నుంచి నంబరు ఎవరికిస్తారండీ?"

"ఒకాయనున్నాడు లెండి, పైన."

"అయ్యో, అవేం మాటలండీ!"

"ఆ పైన కాదండీ. విమానాల్లో."

ఇద్దరూ నవ్వారు. బండి వెళ్లింది. గేటు ఎత్తి, ఇరవై మూడు మీద గీత కొట్టి, సామానంతా సైకిలుకు కట్టుకొని స్టేషనులో అప్పగించి వచ్చాడు.

ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, చర్చి క్యాలెండరులో పాత నెల కాగితం చింపాడు. దాని వెనక తోచిన రెండంకెల నంబర్లు వరసగా రాసుకున్నాడు. మొదటిది ముప్పై ఏడు. చెవులకు హెడ్‌ఫోను తగిలించి గన్నవరంలో విమానం సిద్ధం చేశాడు.

కంట్రోలు గొంతు నాలుగంకెలు ఇచ్చింది. నాలుగు, రెండు, ఏడు, ఒకటి. ఈయన కంగారులో చివరి రెండూ తారుమారు చేశాడు. గొంతు విసుక్కోకుండా సరిదిద్దింది. ఈసారి సరిగ్గా పలికాడు. సరిగ్గానే చెప్పావంది. హనోకు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎవరో విన్నారు.

ఇరవై ఆరేళ్ల అలవాటు ఊరుకోనిచ్చిందా? కాగితం చూసి తన వంతు నంబరిచ్చాడు. "ప్రైవేట్ నంబర్ థర్టీ సెవెన్."

అర్థం కాలేదు, మళ్లీ చెప్పమంది.

"త్రీ, సెవెన్. థర్టీ సెవెన్."

మళ్లీ చెప్పమంది. చేతిలోని పెన్ను కాగితానికి తాకకుండా అలాగే ఆగింది.

విమానం పైకి లేచాక కళ్యాణ్‌కు ఫోనులో గొంతు రికార్డు చేసి పంపాడు. "బాగుంది బాబూ. మునుపటికంటే శానా నయం. తప్పు చెబితే ఒప్పుకోదు, అది మంచిదే. అందరికీ వెయ్యి. కాకపోతే, అది ఇచ్చేదే గానీ మనమిస్తే పుచ్చుకోదు."

తర్వాత విమానాన్ని బందరు వైపు తిప్పాడు. కింద పచ్చటి పొలాల్లో రైలు పట్టాలు దారంలా కనిపించాయి. గేటు లేదు. ఆ ఆటలో అది ఎప్పుడూ లేదు.

మర్నాడు పొద్దున పాలు పొయ్యడానికొచ్చిన కనకదుర్గ ఎంత పిలిచినా హనోకు పలకలేదు. కుర్చీలోనే ఉన్నాడు, చెవులకు హెడ్‌ఫోనుతో. గుండె ఆగి చాలాసేపయిందన్నాడు డాక్టరు.

ఆ లైను కింద కొత్త దారిన మీరెప్పుడైనా వెళ్తే హనోకును గుర్తు చేసుకోండి. వీలైతే ఒక్కసారి పైకే పలకండి. మూడు, ఏడు. ముప్పై ఏడు. క్యాలెండరు కాగితం వెనక దాని మీద ఇంకా గీత పడలేదు.