శరత్ బిగించిన డబ్బా

శ్రీవాణికి నంద్యాలలో డ్రైవింగ్ టెస్టు. ఆళ్లగడ్డలో ఇంటి ముందు ఆమె మొగుడు శరత్ ఇంకా కారు బానెట్‌లోంచి తల బయటికి తీయలేదు.

“ఏం చేస్తాండావప్పా? టైమైపోతాండాది.”

“అయిపాయె. ఇంజన్లోంచి వచ్చే ఆయిల్ పొగ మళ్లా ఇంజన్లోకే పోతాండాది. దాన్ని ఈ డబ్బాలో పట్టేస్తే బండి బాగా లాగుతాది.”

అది ఆమె ధనియాల పొడి పోసుకునే స్టీలు డబ్బా. మూతకు రెండు తూట్లు, లోపల గిన్నెలు తోమే పీచు, రెండు వైపులా తాపీమేస్త్రీలు మట్టం చూసే ప్లాస్టిక్ పైపు. బట్టల కొట్టు నడుపుకునే మనిషికి ఈ విద్య ఫోనులో వీడియోలు చూసి అబ్బింది.

పోయిన నెల టెస్టులో రివర్సు చేస్తుండగా బండి ఆగిపోయి శ్రీవాణి తప్పింది. క్లచ్ తొందరగా వదిలింది తానేనని ఎన్నిసార్లు చెప్పినా శరత్ వినలేదు. తప్పు ఇంజన్‌దేనని పట్టుబట్టాడు. పెళ్లాం మీద ప్రేమే కావచ్చు. ఆ ప్రేమ సరిగ్గా టెస్టు రోజు పొద్దున్నే స్పానర్ పట్టుకోవాలా అని ఆమెకు ఒళ్లు మండింది.

నంద్యాల దారిలో శిరివెళ్ల దాటగానే బానెట్ సందుల్లోంచి పొగ. శరత్ బండి పక్కకు తీసి బానెట్ ఎత్తాడు. ఆయిల్ చూసే కడ్డీ బయటికి ఎగదన్నుకొచ్చి, ఇంజన్ మీదంతా నల్లగా చిమ్మి ఉంది. అతను డబ్బా మూత విప్పి పీచును పరీక్షించసాగాడు.

శ్రీవాణి వంగి చూసింది. “పీచు కాదప్పా, పైపు చూడు. వేడికి మెత్తబడి అతుక్కపోయింది. పొగ యాడికి పోతాది? కడ్డీని తన్నుకోని వచ్చింది.”

“వీడియోలో ఇట్లాంటిదే ఏసినాడు మే.”

“ఆయప్ప టెస్టుకు పోతాండ్లేదు. పాత పైపు యాడ పెట్టినావ్?”

“డిక్కీలో.”

“బేగా తగిలించు.”

శరత్ డబ్బా ఊడదీసి పాత పైపు తగిలించాడు. దగ్గర్లోని పెట్రోల్ బంకు దాకా నడిచి ఆయిల్ తెచ్చి పోశాడు. అతని చేతులు జిడ్డోడుతుంటే ఆమే స్టీరింగ్ పట్టుకుంది.

నంద్యాల చేరేసరికి మైదానంలో ఆఖరు బండి వాళ్లదే. పక్క సీట్లో కూర్చున్న ఇన్‌స్పెక్టర్ మాడు వాసనకు ముక్కు మూసుకున్నాడు. శ్రీవాణికి మొగుడి మీదున్న కోపంలో భయపడటం గుర్తే రాలేదు. క్లచ్ మెల్లగా వదిలి, గీతల మధ్య రివర్సు చేసి నిలిపింది. పాసైనట్టు ఆయన తలూపి దిగిపోయాడు.

తిరిగొస్తుంటే శరత్ ఒళ్లో డబ్బా పెట్టుకుని దాని మూత తిప్పుతూ కూర్చున్నాడు. ఆమె అరిచినా బాగుండేదని అతని మొహం చెబుతోంది. చివరికి గొంతు సవరించుకున్నాడు.

“రబ్బరు పైపు ఏసుంటే సరిపోయేది.”

శ్రీవాణి నిట్టూర్చింది. స్పేర్ పార్టుల అంగడి ముందు బండి ఆపింది.

“పో, తెచ్చుకో. బిగించినాంక ముందు నువ్వొక్కడివే నంద్యాల దాకా పోయిరా. ఆ తర్వాతే నన్ను ఎక్కమను.”