కండ్లు తెరవని వినాయకుడు

నంద్యాలలో ఫిజియోథెరపీ చేసే లూదియా మేడం ఆ రోజు అంజలి కాళ్లను వదిలేసి తల్లి సుకన్య చేతుల మీద పడింది.

"పాప నిలబడాలంటే ముందు నువ్వు చేతులు కట్టుకోవాల సుకన్యా. అది ఊగకముందే చంకల కింద పట్టుకుంటాండావ్. ఇంగ దానికేం పని?"

"పడితే, మేడం?"

"పడనీ. కింద బొంత పరుచు."

సుకన్యకు ఆ మాట బొత్తిగా నచ్చలేదు. ఆళ్లగడ్డలో బస్సు దిగేలోపు ఆమె మనసులో అంజలికి పండ్లు, మోచెయ్యి, నడుము అన్నీ విరిగిపోయాయి. ఆరేళ్ల అంజలి మాత్రం ఒళ్లో కూర్చుని, ముందు సీటాయన బట్టతల మీద వేలితో గీతలు గీయబోతోంది. సెరిబ్రల్ పాల్సీ వల్ల పిల్ల కాళ్లు బిగుసుకుపోయాయి గానీ అల్లరి ఏమాత్రం బిగియలేదు.

కాళ్లు సాగదీసే వ్యాయామం ఇంట్లో బాగానే జరిగేది. నిలబడే దగ్గరే చిక్కు. రొమ్ము ఎత్తున గట్టి ఆసరా ఉండాలని లూదియా చెప్పింది. కుర్చీ జారుతుంది, మంచం పొట్టిది, గోడకు పట్టు లేదు. చివరికి ఆ ఆసరా అంజలే వెతుక్కుంది. తండ్రి రాజశేఖర్ శిల్పి. ఇంటి ముందు పందిట్లో దేవుళ్లను చెక్కుతాడు. పిల్ల పాక్కుంటూ పోయి, చెక్కుతున్న వినాయకుడి తొండం పట్టుకుని, బొజ్జకు ఆనుకుని లేచింది.

సుకన్యకు రెండు భయాలు పట్టుకున్నాయి. పాప పడుతుందని ఒక భయం. పడకపోతే దేవుడికి కాలు తగులుతుందని ఇంకొకటి.

"స్వామిని తొక్కుతాంది. దించు, అత్తా."

అత్త కమలాక్షమ్మ వక్క నములుతూ కదల్లేదు. "యాడ స్వామి? గుళ్లో కండ్లు తెరిపిచ్చేదాకా అది రాయే. నీ మొగుడు దాని నెత్తిన కూర్చోనే గదా చెక్కేది."

"నిన్న టీ గ్లాసు గూడా పెట్టినా," అన్నాడు రాజశేఖర్.

అలా వినాయకుడికి డ్యూటీ పడింది. రాతిపెళ్లలు ఊడ్చి కమలాక్షమ్మ బొంతలు పరిచింది. నెలల తరబడి అంజలి చొంగ కారి బొజ్జ నిగనిగలాడింది. సుకన్య చేతులు మాత్రం పిల్ల చంకల కిందే ఉండేవి.

గుడి కోసం విగ్రహం చెప్పిన దొర్నిపాడు ఊరివాళ్లు దాన్ని తీసుకుపోవడానికి వస్తామన్న ముందురోజు, తొండం పట్టుకుని నిలబడ్డ అంజలి అవతలున్న ఆంజనేయుడి విగ్రహం వైపు చూసింది.

"కోతి కావాల."

మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ పూట కొంచెం ఎడంగా ఉన్న సుకన్య ఉరకబోయింది. కమలాక్షమ్మ ఆమె కొంగు పట్టి లాగింది.

"కూర్చో. నీ చేతుల మీదే కూర్చో."

సుకన్య నిజంగానే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అంజలి తొండం వదిలింది. ఒక అడుగు పడింది. కాళ్లు కత్తెర పడి బొంత మీద బోర్లా పడింది. ఏడుపు సిద్ధం చేసుకుని అమ్మ వైపు చూసింది. అమ్మ పెదవి కొరుక్కుంటూ ఉందే గానీ లేవలేదు.

"రావా?" అంది అంజలి.

సుకన్య తల అడ్డంగా ఊపింది.

"చెడ్డమ్మ," అని తిట్టి, పిల్ల వెనక్కి పాకి మళ్లీ తొండం పట్టుకుని లేచింది. ఈసారి ఊగుతూ ఊగుతూ పోయి ఆంజనేయుడి తోక దొరకబుచ్చుకుంది.

రాజశేఖర్ చేతిలో ఉలి ఆగిపోయింది. కమలాక్షమ్మ నమలడం మర్చిపోయింది. సుకన్య తిమ్మిరెక్కిన చేతులతో కండ్లు తుడుచుకుని వీధి వైపు, తర్వాత మొగుడి వైపు చూసింది.

"అంజలి నాయనా, రేపు పొద్దున్నే గేటు పెట్టియ్యాల. ఇంగ ఇది రోడ్డెక్కుతాది. ఆ లారీలు ఎట్ల పోతాండాయో చూడు."