తొమ్మిదో ప్రశ్న

మా ఇంట్లో ఫారాలన్నీ నేనే నింపుతాను. బడి, బ్యాంకు, గ్యాసు, పాస్‌పోర్టు, ఏదైనా సరే. ఆయన చివర్లో వచ్చి, నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేస్తారు. ఈ ఇరవై రెండేళ్ళలో ఒక్క కాగితం చదివిన పాపాన పోలేదు. "నువ్వు రాశాక ఇంకా చదివేదేముంది?" అంటారు. అది మెచ్చుకోలో, బద్ధకమో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

ఈసారి సెలవులకి అనుకున్న దీవుల ప్రయాణం కూడా అలాగే నా చేతికొచ్చింది. వంటింటి గోడకి పెద్ద కాగితం అంటించి, ఏ దీవికి ఏ రోజు పడవ ఉందో, తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఏ నెలలో ఒడ్డెక్కుతాయో, కొబ్బరికాయలు చీల్చే పీతలు ఎక్కడుంటాయో అన్నీ రాసిపెట్టాను. అమ్మాయికి తాబేళ్ళు కావాలి. నాకు ఎవరైనా వండిపెడితే కూర్చుని తినడం కావాలి. ఆయనకి మాత్రం ఒక్కటే కోరిక: వీపుకి గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుక్కి దిగాలి.

ఆయన లిఫ్టు మెకానిక్. చదువు అవగానే మొదలుపెట్టి ఈనాటిదాకా గ్రీజు వాసనలో, నాలుగు గోడల మధ్య ఎక్కడం, దిగడం. తను దిగిన లిఫ్టు గోతుల్లో ఒక్కదాని అడుగునా చూడదగ్గదేదీ లేదనీ, పగిలిన ఫోనులూ, తాళంచెవులూ తప్ప ఏమీ దొరకలేదనీ చెబుతుంటారు. సముద్రం అడుగున రంగు చేపల వీడియోలు మాత్రం అన్నం చల్లారిపోయేదాకా చూస్తారు.

మా తమ్ముడు వచ్చి గోడ మీది కాగితం చదివాడు.

"బావా, అక్కడ కింద బటన్ నొక్కితే పైకి తీసుకురావడానికి లిఫ్టుండదు."

"ఉంటే అదీ నేనే బాగుచెయ్యాలి కదరా."

"అది సరే, ఇరుక్కుపోయి గంట కొట్టావనుకో, మా అక్కకి వినపడదు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మర్నాడు డైవింగ్ నేర్పేవాళ్ళు ఆరోగ్యం గురించి ఒక ఫారం పంపారు. తొమ్మిదో ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగింది. ఊపిరితిత్తి ఎప్పుడైనా కుంగిపోయిందా అని అడిగారు.

నాలుగేళ్ళ క్రితం ఆయన కుర్చీలోంచి లేవబోయి, డొక్క పట్టుకుని కూలబడ్డారు. ఒక ఊపిరితిత్తి గాలి పోయిన బెలూనులా ముడుచుకుపోయింది. పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, ఇక అన్నీ చేసుకోవచ్చు, సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుక్కి మాత్రం ఎప్పటికీ దిగకూడదు అంది. అక్కడ మళ్ళీ అలా అయితే పైకి తెచ్చేలోపే ప్రాణం పోతుందట. ఆ రోజు బయటికొచ్చాక ఇద్దరం నవ్వుకున్నాం, మనకీ సముద్రం అడుక్కీ ఏం సంబంధమని.

'అవును' దగ్గర టిక్కు పెట్టాను. కింద వేలు పెట్టి చూపించాను. ఆయన ఎప్పటిలాగే చదవకుండా సంతకం చేశారు. నేనూ ఎప్పటిలాగే ఊరుకున్నాను.

మూడో రోజు జవాబొచ్చింది. డైవింగ్‌కి ఒప్పుకునేది లేదనీ, కావాలంటే నీటి మీద తేలుతూ చూడవచ్చనీ. అమ్మాయి గట్టిగా చదివి, సగంలో గొంతు తగ్గించింది. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"నాకు చెప్పాల్సింది."

"చెబితే సంతకం పెట్టేవారా?"

"పెట్టేవాణ్ణి కాదు. ఇరవై రెండేళ్ళు చదవకుండా పెట్టాను చూడు, నాకు బుద్ధి లేక."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా ఆయన భాషలోనే చెప్పి చూశాను. "ఒక్క బోల్టు వదులైతే లిఫ్టుకి 'వాడరాదు' అని బోర్డు తగిలించి వచ్చేస్తారు. ఎవరు కాళ్ళావేళ్ళా పడినా తియ్యరు. మీకు మాత్రం బోర్డు వద్దా?"

"లిఫ్టుకైతే నాలుగు రోజులకి బోర్డు తీసేస్తాం. నాకు నాలుగేళ్ళయింది."

ఆ ఆదివారం భోజనాల బల్ల దగ్గర, అమ్మాయి పెన్నుతో, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఆయన ఏదో రాస్తున్నారు. గోడ కాగితం మీద నాలుగో రోజు దీవి పేరు కొట్టేసి ఇంకో పేరు రాసి ఉంది. అదీ ఆయన రాతే. గంట తరవాత కాగితం నా ముందు పెట్టి, "ఒకసారి చూడు. తప్పులుంటే దిద్దు" అన్నారు.

వేరే దీవి, డైవింగ్ నేర్పేవాళ్ళూ వేరే. ఫారం మాత్రం అదే. పుట్టిన సంవత్సరం దగ్గర నాది రాశారు. పాస్‌పోర్టు నంబరులో రెండంకెలు అటూ ఇటూ అయ్యాయి. వాటిని దిద్దాను. తొమ్మిదో ప్రశ్న దగ్గర 'లేదు' మీద టిక్కుంది. రెండుసార్లు దిద్ది మందంగా పెట్టారు.

"ఇది తప్పు," అన్నాను.

ఆయన దాని మీద బొటనవేలు పెట్టారు. ఎంత కడిగినా గ్రీజు గీతలు పోని వేలు అది. "అది వదిలెయ్. మిగతావి చూడు," అన్నారు. గొంతులో కోపం లేదు. పిల్లలు ఇంకాసేపు ఆడుకుంటామని అడిగినట్టుగా ఉంది.

వాళ్ళకి నేనే ఫోను చేసి ఉన్నమాట చెప్పొచ్చు. చెబితే వాళ్ళూ వద్దంటారు. దీవులకేం కొదవ? ఇంకో దీవి ఉంటుంది, ఇంకో ఫారం వస్తుంది. దాన్ని మాత్రం ఆయన నాకు చూపించరు.

ఆయన వేలు తియ్యలేదు. నేను తియ్యమనలేదు. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరి మొహాలూ చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

కాగితం చివర ఇంకో గడి ఉంది. అత్యవసరమైతే ఎవరికి ఫోను చెయ్యాలి అని. అక్కడ నా పేరు రాసి, నంబరులో ఒక అంకె తప్పు వేశారు. దాన్ని కొట్టేసి పైన సరిగ్గా రాశాను. పోల్చుకోలేరేమోనని పక్కన మళ్ళీ ఒకసారి, అంకె అంకె విడివిడిగా రాశాను.