అంచు కత్తిరించని ఆకులు

మా పెంపకం గదిలో గొంగళి పురుగులకు ఆకు వేసే ముందు దాని అంచు చుట్టూ కత్తిరించాలి. గోరు వెడల్పు చాలు. వలపందిరిలో పెంచిన ఆకుకు అక్కర్లేదు. బయట కంచె మీద కోసిన ఆకుకు తప్పదు.

కారణం ఒక రకం కందిరీగ. వాటిది చిన్న కుటుంబం, లోకమంతా వెతికినా నూరు రకాలకు అటూ ఇటూ. అది ఏ పురుగునూ కుట్టదు. ఆకు అంచున వేల గుడ్లు వదిలి తన దారిన పోతుంది. పురుగు ఆకుతోపాటు గుడ్డునూ మింగుతుంది. ఆ పురుగు ఒంట్లో అప్పటికే మరో కందిరీగ పిల్ల ఉంటే ఈ గుడ్డుకు బతుకు. వెతికి పట్టుకుని దాన్ని తింటుంది. లేకపోతే గుడ్డు వృథా.

మేం పెంచేది ఆ మరో కందిరీగను. తోటలను తినే గొంగళి పురుగులో అది గుడ్డు పెడుతుంది. కుట్టించిన పురుగు పది రోజులు ఏమీ ఎరగనట్టు తింటూనే ఉంటుంది. తర్వాత పిల్ల దాన్ని ఖాళీ చేసి గూడు కట్టుకుంటుంది. ఆ గూళ్ళు తోటలకు పంపుతాం. తొమ్మిదేళ్ళుగా ఆ జాతి చెడకుండా చూసినవాణ్ణి నేను.

ఆర్నెల్ల క్రితం ఆఫీసరమ్మ మా బావమరిదిని తాత్కాలికంగా తీసుకుంది. నేను సిఫారసు చేయలేదు, అడ్డూ పడలేదు. ఈ విడత గూళ్ళు సరిగా వస్తే ఉద్యోగం ఖాయం. ఆవరణలో రెండు గదుల ఇల్లు కూడా. పెళ్ళాన్నీ ఇద్దరు ఆడపిల్లల్నీ అత్తగారి వరండాలోంచి తెచ్చుకోవచ్చు. వాడి ప్రాణమంతా దాని మీదే ఉంది.

అంతకు ముందు ఏడాది మా ఆవిడ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. రక్తం సరిపోయేది ఆవిడ తమ్ముడు వీడొక్కడిదే. నాలుగుసార్లు కబురు పెట్టాను. ఆవిడ తలుపు వైపే చూసేది. వాడు రాలేదు. ఆవిడ పోయిన నాలుగో రోజు వచ్చాడు. కుట్టుమిషను తనకిస్తానని అక్క ఎప్పుడో చెప్పిందంటూ దాన్ని బండికి కట్టుకుపోయాడు.

మొదటి రోజే అంచు కత్తిరించడం నేర్పాను.

"ఆకులకి క్షవరమేంటి బావా! రేపు పురుగులకి తలదువ్వమంటావా?" అని నవ్వాడు.

ఈ నెల వలపందిరికి తెగులు తగిలింది. బయటి ఆకే గతి. మిగిలిన జాతి అంతా వాడి బల్ల మీద కుట్టించి ఉంచిన పన్నెండు వందల పురుగుల్లోనే ఉంది. ఆఫీసరమ్మ మధ్యాహ్నానికల్లా మేత పూర్తి కావాలంది. నేను వెళ్ళేసరికి కత్తెర మేకుకు వేలాడుతోంది. నిండాకులు ట్రేలలో పరుస్తున్నాడు.

"రెండుసార్లు కడిగాను బావా. మొన్నటిదాకా పందిరి ఆకు నువ్వూ కత్తిరించలేదుగా. కడిగితే చాలదూ?"

ఒక ఆకు తీసి భూతద్దం కింద పెట్టాను. అంచు పొడుగునా గుడ్లు, సన్నగా, కుట్టు వేసినట్టు. కడిగితే పోవు. ఆకు తిరిగి ట్రేలో పెట్టాను.

"నీ బల్ల, నీ ఇష్టం" అన్నాను.

మూడు వారాల తర్వాత గూళ్ళు విచ్చుకున్నాయి. ఆఫీసరమ్మ డబ్బా ఎత్తి చూసింది. కందిరీగల నల్లని ఒంటి మీద పసుపు చారలు. మావి ఎర్రగా ఉంటాయి. పన్నెండు వందల్లో మావి నలభై.

"అంచులు కత్తిరించారా?"

వాడు నా వైపు చూశాడు.

"మొదటి రోజే నేర్పానండీ" అన్నాను.

"ఇక రేపట్నుంచి రావద్దు" అని వాడితో చెప్పి వెళ్ళిపోయింది.

వాడు డబ్బా దగ్గరికి లాక్కుని చూశాడు.

"బావా, ఆ రోజు భూతద్దంతో చూశావు. నీకు కనపళ్ళేదా?"

"కనపడ్డాయి."

"నీ తొమ్మిదేళ్ళ కష్టం కూడా పోయింది కదయ్యా!"

"పోయింది."

"అక్క ఉంటే నన్నిలా చేయనిచ్చేదా?"

"ఉండేదేరా. నువ్వొచ్చుంటే."

వాడు తువ్వాలుతో బల్ల తుడిచాడు. దాన్ని మడత పెట్టి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూసి, బల్ల మీదే వదిలేసి బయటికి పోయాడు.

ఉద్యోగం ఆ రోజే ఖాయమవుతుందన్న నమ్మకంతో పెళ్ళాన్ని సామాను తీసుకుని వచ్చేయమన్నాడట. నేను కందిరీగలకు పెట్టే తేనె నీళ్ళు పట్టుకొస్తుంటే గేటు దగ్గర ఆటో ఆగి ఉంది. పరుపుచుట్ట, గిన్నెల మూట, రెండు పెట్టెలు దించి ఉన్నాయి. వాడు వాటి వెనక నిలబడి ఉన్నాడు. ఇంకా చెప్పినట్టు లేదు. పెద్దపిల్ల నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది.

"మావయ్యా, మన ఇల్లు ఏది? అటువైపా?"

"మీ నాన్ననడుగు" అని లోపలికి నడిచాను. నలభై కందిరీగలకు మేత పెట్టాలి.