పొగమంచులో హారన్

సముద్రతీరాన కేప్ స్పియర్ దగ్గర కొట్టిన హారన్‌కు కూడా జవాబు రాలేదు. ఊనా అద్దెకారును వెనక్కి తిప్పింది.

పొద్దున ఆమె తమ్ముడు ఆంబ్రోస్ చిన్న పడవేసుకుని కాడ్ చేపలకు వెళ్లాడు. పొగమంచు కమ్ముతున్నా ఆగలేదు. ఇంటి తిండికి చేపలు పట్టుకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చే రోజుల్లో ఈ వేసవికి అదే ఆఖరిది. పైగా, ఏడాది తరవాత సెంట్ జాన్స్‌లో విమానం దిగిన అక్క తాజా కాడ్ తినాలని ఉందంది.

"ముందు చేప. తరవాత నీ అద్దెకారులో తీరమంతా తిప్పుదువుగాని," అని నవ్వుతూ వెళ్లాడు.

మధ్యాహ్నం దాటినా రాలేదు. వెతకబోయిన పడవలకు పక్క పడవే కనబడటం లేదు. ఊనా తీరమంతా తిరుగుతూనే ఉంది. పక్క సీట్లో మాత్రం తమ్ముడికి బదులు పొరుగింటి ముసలి జాలరి క్లెమ్ ఉన్నాడు.

మాడాక్స్ కోవ్ అనే చిన్న రేవులో, పడవలు ఒడ్డుకు లాగే చోట, కారును సముద్రానికి ఎదురుగా నిలిపింది. ప్రతిచోటా చేసినట్టే లైట్లు వేసి, చెవికి అడ్డం రాకుండా ఇంజన్ ఆపి, మూడుసార్లు హారన్ కొట్టింది.

"ఇదేం హారనమ్మా, పిల్లి తుమ్మినట్టుంది."

"అద్దెకారు బాబాయ్. వాళ్లిచ్చింది పిల్లినే."

"సరే, ఇక నోరు మూసుకుని విను."

అలల చప్పుడు. మళ్లీ మూడుసార్లు కొట్టింది. అప్పుడు ఎక్కడో దూరంగా రేకు మీద కొట్టిన శబ్దం. క్లెమ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పడవలో నీళ్లు తోడే డబ్బా. వాడే. ఇంజన్ పోయి తెడ్లేస్తున్నట్టున్నాడు. కానీ ఎడమకు పోతున్నాడు."

ఎడమన రాళ్లు నీళ్లలో మునిగి ఉంటాయి. ఊనా హారన్ నొక్కిపట్టింది. అది సన్నబడి, మూలిగి, ఆగిపోయింది. లైట్లూ ఆరిపోయాయి. స్టార్ట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా కారు కదల్లేదు.

"బాబాయ్, బ్యాటరీ చచ్చింది."

"నీ గొంతు చావలేదుగా. దిగు."

చల్లటి నీళ్లలో మోకాళ్లదాకా వెళ్లింది.

"ఆంబ్రోస్, ఇటు. ఇటు రా."

క్లెమ్ ఒడ్డున కళ్లు మూసుకుని నిలబడ్డాడు. డబ్బా మోగింది.

"ఇంకా ఎడమే. మళ్లీ పిలు."

పిలిచింది. గొంతు చీరుకుపోతోంది. చాలాసేపు ఏమీ వినబడలేదు. తరవాత రేకు శబ్దం మళ్లీ వచ్చింది. క్లెమ్ చెయ్యెత్తాడు.

"ఇటు తిరిగాడు. ఆపకు తల్లీ."

ముందుకు నడుస్తుంటే నీళ్లు నడుముదాకా వచ్చాయి. ఊనా పిలవడం ఆపలేదు.